యాష్‌ట్రేలు తీసేసిన సీజను

బౌలింగ్‌లో ఆడేది తక్కువ, కూచునేది ఎక్కువ. ఐదుగురి టీమ్‌లో వంతు వచ్చినవాడు లేచి, రెండు బంతులు విసిరి, తిరిగి కుర్చీలో కూలబడడానికి నిమిషం చాలు. మిగతా నలుగురూ వేసి మళ్లీ వాడి వంతు వచ్చేదాకా నాలుగైదు నిమిషాలు ఖాళీ. సిగరెట్టు కాలి అయిపోవడానికీ ఇంచుమించు అంతే సేపు పడుతుంది. అమెరికాలో ఈ ఆటా పొగా ఇంతగా ఎలా పెనవేసుకున్నాయని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే కారణం ఇదే. బీరు సంగతి తర్వాత.

ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ పక్కన 32 లేన్ల బౌలింగ్ సెంటర్‌లో మెకానిక్‌ని నేను. ఇక్కడివాళ్లు సెంటర్‌ని ‘హౌస్’ అంటారు. ఒక్కో లేన్ బంతి వదిలే ఫౌల్ లైన్ నుంచి ముందు పిన్ను దాకా 60 అడుగులు. దాని చివర, బొమ్మలు వేసిన పలకల వెనకాల, పిన్నుల్ని ఏరి నిలబెట్టే మిషన్లు వరసగా ఉంటాయి. నా బతుకు ఆ పలకల వెనకే. ఆటగాళ్లకు నేను కనబడను. మిషన్ ఆగినప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తాను.

మాది కందుకూరు దగ్గర పల్లె. వర్జీనియా పొగాకు పండే నేల. నాయన పొగాకు వేసేవాడు, బ్యారన్ కాల్చేవాడు. పచ్చాకు కొట్టి, కర్రలకు అల్లి, బ్యారన్‌లోకి ఎక్కించి, రాత్రీ పగలూ వేడి చూసుకుంటూ ఆకుని పసుప్పచ్చగా దించడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేసి చీరాల వైపు ఒక రీడ్రయింగ్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాను. అక్క ఇక్కడి నుంచి వేసిన వీసా దరఖాస్తు పదేళ్లకు పైగా నానాక, 1996లో కుటుంబంతో ఆక్రన్‌లో దిగాను. బావ తన క్లినిక్‌లో పేషెంటు ఒకాయనతో మాట్లాడి నన్ను బౌలింగ్ సెంటర్‌కి పంపాడు. మొదట ఇచ్చింది పిన్ ఛేజర్ పని. మిషన్ ఎక్కడ ఆగితే అక్కడికి పరిగెత్తి, ఇరుక్కున్న పిన్ను లాగి, మళ్లీ నడిపించడం. హెడ్ మెకానిక్ కావడానికి కొన్నేళ్లు పట్టింది.

మా మిషన్ల మీద ఏఎంఎఫ్ అని మూడక్షరాల పలక ఉంటుంది. అమెరికన్ మెషీన్ అండ్ ఫౌండ్రీ. 1900లో ఆ కంపెనీ మొదలైంది పొగాకు పరిశ్రమకు మిషన్లు చేయడానికి. పెట్టినాయన రూఫస్ ప్యాటర్సన్, పొగాకు యంత్రాల మనిషి. పిన్ను నిలబెట్టే మిషన్‌ని వాళ్లు జనానికి మొదట చూపించింది 1946లో, బఫలో పట్నంలో. అంతకుముందు ఆ పని చేసింది లేన్ల చివర గుంటలో కూచున్న కుర్రాళ్లు. ఈ సంగతి చదివిన రోజు నాకు నవ్వొచ్చింది. పొగాకు మిషన్ల దగ్గర్నుంచి ఎంతో దూరం వచ్చేశాననుకున్నాను మరి.

ఆక్రన్ అంటే టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్, అన్నీ ఇక్కడివే. బౌలింగ్‌కీ పెద్ద ఊరే. ప్రొఫెషనల్ బౌలర్ల సంఘాన్ని 1958లో మొదలుపెట్టిన ఎడీ ఎలియస్ ఆక్రన్ లాయరు. ఫైర్‌స్టోన్ టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్ దాదాపు మూడు దశాబ్దాలు ఇక్కడి రివియెరా లేన్స్‌లోనే జరిగింది. నేను వచ్చేనాటికి ఫ్యాక్టరీలు చాలా వరకు మూతపడ్డాయి, కానీ వాటిలో చేసి రిటైరైనవాళ్లు మా లీగుల్లో, అంటే టీములు వారం వారం వచ్చి ఆడే పోటీల్లో, ఇంకా గట్టిగా ఉన్నారు. ఏ షిఫ్టు వాళ్ల లీగు ఏ పూట ఉండేదో చెప్పేవారు. రాత్రి షిఫ్టు దిగి, పొద్దున్నే బంతి సంచీ పట్టుకుని వచ్చేవాళ్లట. ఆ రోజుల్లో గుంపులో పొగ తాగనివాణ్ణి వేలెత్తి చూపించొచ్చు అనేవారు.

హాళ్లలో పొగ నిషేధం రాకముందు మా పొద్దున పనిలో మొదటిది యాష్‌ట్రేలు. నిజానికది మెకానిక్ పని కాదు, కానీ మనుషులు తక్కువైన రోజున ఎవరి పని ఎవరిదని చూడం. ప్రతి లేన్ జత దగ్గరా స్కోరు బల్లకు రెండు, గుండ్రటి కుర్చీల వరసకు రెండు. లీగు రాత్రి తర్వాత అన్నీ పొర్లిపోయి ఉండేవి. చాలా పీకలు సగం దాకా తాగి వదిలేసినవే. ముట్టించి రెండు దమ్ములు లాగుతాడు, వంతొస్తుంది, యాష్‌ట్రే అంచు మీద పెట్టి వెళ్తాడు. స్ట్రైక్ పడితే, అంటే మొదటి బంతికే పిన్నులన్నీ కూలితే, అందరి అరచేతులూ చరచాలి, పడకపోతే నిలబడి బాధపడాలి. వచ్చేసరికి సగం బూడిద. మళ్లీ ఇంకోటి ముట్టిస్తాడు. ఎవరూ తాగకుండా వాటంతటవే కాలిపోయిన సిగరెట్లు తాగినవాటికంటే ఎక్కువేమో అనిపించేది. పక్కవాడు పీల్చే పొగలో ఎక్కువ భాగం అలా కాలే కొస నుంచి వచ్చేదే; ఊపిరితిత్తుల్లోంచి బయటికొచ్చింది తక్కువ. ఈ ఆటలో కూచోవడమూ లేవడమూ ఇంత ఎక్కువగా ఉంది గనక ఆ కొస పొగ ఎంత పుట్టేదో లెక్క కట్టుకోవచ్చు.

అసలు పని స్మోక్ ఈటర్లది. కప్పు నుంచి వేలాడే పెట్టెలవి. లోపల ఫ్యాను గాలిని లాగుతుంది, తీగల్లో ఎక్కువ వోల్టేజి ఉంటుంది, పొగలోని నలుసులకు విద్యుత్తు అంటి, పక్కనున్న అల్యూమినియం పలకలకు పట్టుకుంటాయి. పలకలు మురికి పడితే చిటపటమని శబ్దం, ఆ తర్వాత పనే చేయవు. అందుకని వాటిని వరసపెట్టి దించి కడగాలి. నిచ్చెనెక్కి పలకల పెట్టె దించితే చేతికి అంటేది గోధుమరంగు జిగురు, పచ్చాకు కొట్టిన రోజున అరచేతులకు పట్టిన జిగురు లాంటిదే. మా ఊళ్లో ఆ జిగురు వదలడానికి నానా తంటాలు పడేవాళ్లం. తడి ఆకు కొట్టిన కొత్తవాళ్లు తల తిరిగి వాంతులు చేసుకునేవాళ్లు. ఆకులోని నికొటిన్ చర్మం గుండా ఎక్కేస్తుంది. ఇక్కడ ఘాటైన సబ్బునీళ్ల తొట్టిలో పలకలు నానబెట్టి బ్రష్ కొడుతుంటే, ముంజేతులకు రబ్బరు తొడుగులు ఎందుకు వేసుకోవాలో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. తొట్టి నీళ్లు రెండు మూడు సార్లు మార్చాల్సి వచ్చేది.

ఆ పెట్టెలు నలుసుల్ని పడతాయిగానీ వాయువుల్ని పట్టవు. కంపు అలాగే ఉంటుంది, కళ్లమంట కొంచెం తగ్గుతుంది. పొగ ఆనవాలు కంటికి కనబడకుండా చేయడమే వాటి పని. ఓనరు మాత్రం వచ్చినవాళ్లందరికీ వాటిని వేలు చూపించి చెప్పేవాడు.

ఇంకో ఏర్పాటు కూడా ఉండేది, పొగ లేని లేన్లు. ఒకటి నుంచి ఎనిమిది దాకా నో స్మోకింగ్. గోడ లేదు, తెర లేదు. ఎనిమిదో లేన్ వాడు తాగకూడదు, తొమ్మిదో లేన్ వాడు తాగొచ్చు. ఇద్దరూ పక్కపక్కనే. అంతకంటే తమాషా ఏమిటంటే, హాలు గాలిని ఏసీ యూనిట్‌కి వెనక్కి లాగే పెద్ద జాలీ సరిగ్గా మూడు, నాలుగు లేన్ల మీద ఉంది. 24 లేన్ల పొగ మొత్తం మెల్లగా ఆ వైపుకే నడిచొచ్చేది. అక్కడ కూచునేవాళ్లు పొగ పడనివాళ్లు, చిన్నపిల్లల తల్లులు. ఆ జాలీ ఫిల్టర్లు మార్చేవాణ్ణి నేను. ఏ లేన్ల మీద ఎంత నలుపు పడుతుందో నాకంటే ఎవరికి తెలుస్తుంది? జాలీ మార్చాలంటే డక్టంతా మార్చాలి, దానికి డబ్బు కావాలి. బోర్డు మార్చడం తేలిక కదా అని ఓనర్ని అడిగాను: పొగ లేని లేన్లు అటు చివరికి పెడదామని. అటు చివర బారు ఉంది. బారు పక్కన సిగరెట్టు వద్దంటే ఎలా అన్నాడు. మాట అక్కడితో ఆగింది.

మిషన్ల వెనకాల మాకు పొగ రాదనుకుంటారు. వేసవిలో మోటార్ల వేడికి వెనక తలుపు తీసి ఫ్యాన్లు పెడతాం. ఆ లాగుడుకి హాల్లో గాలి పలకల పైనున్న సందుల్లోంచి మా వైపు వస్తుంది. గేర్‌బాక్సు నూనె వాసన, బెల్టు రబ్బరు వాసన, వాటి మీద పొగ. ఇంటికెళ్తే మా ఆవిడ గరాజ్‌లోనే బట్టలు మార్పించేది. “ఏమండీ, మా నాన్న నెలల తరబడి బ్యారన్ దగ్గర పడుకున్నా ఇంత కంపు కొట్టేవాడు కాదు” అంది ఒకసారి. నిజమే. ఎండే ఆకు వాసనలో తీపి ఉంటుంది. కాలిన ఆకు చల్లారి గుడ్డకు పట్టాక అది వేరే సరుకు.

ఇంక ఆటగాళ్ల సంగతి. పొగ తాగేవాళ్లందరూ ఒకవైపు, తాగనివాళ్లందరూ ఒకవైపు అనుకుంటే పొరపాటు. నేను చూసిందేమిటంటే, గట్టిగా ఆడేవాళ్లలో తాగేవాళ్లకు కూడా హాల్లో పొగంటే చిరాకే. కారణం ఆరోగ్యం కాదు, బూడిద. ఈ ఆటలో చివరి అడుగు జారాలి. కుడిచేతివాడికి ఎడమ బూటు అడుగు నున్నగా ఉంటుంది, దాని మీద జారి ఫౌల్ లైన్ దగ్గర ఆగుతాడు. అప్రోచ్ మీద, అంటే బంతి వదలడానికి నడిచొచ్చే నేల మీద, కాస్త బూడిద పడితే ఒకచోట ఎక్కువ జారుతుంది, తడిసిన బూడిదైతే పట్టేస్తుంది. పట్టేస్తే మనిషి ముందుకు తూలుతాడు, మోకాలు పోతుంది. బొటనవేలి రంధ్రంలో బూడిద చేరితే బంతి చేతిని వదలదు. మా హౌస్‌లో మంచి యావరేజి ఉన్న ఒకాయన రోజుకు పెట్టె సిగరెట్లు తాగేవాడు, కానీ లేన్ మీద ఎవరన్నా ముట్టిస్తే బూతులు తిట్టేవాడు. తను బయటికెళ్లి తాగొచ్చేవాడు, చట్టం రాకముందు నుంచీ.

దానికి ఎదురు రకం రబ్బరు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఫ్రేముకి, అంటే ఒక్కో వంతుకి, ఒక సిగరెట్టు. లెక్క తప్పితే ఆట తప్పుతుందని ఆయన నమ్మకం. వరసగా మూడు స్ట్రైక్‌లు, అంటే ‘టర్కీ’, పడ్డాయంటే ఆ మూడో సిగరెట్టుని ఆర్పనిచ్చేవాడు కాదు, దాన్తోనే నాలుగోది ముట్టించేవాడు. ఆయన పక్క కుర్చీలో ఇరవై ఏళ్లుగా కూచున్న స్నేహితుడికి ఆస్తమా. ఇన్‌హేలర్ చొక్కా జేబులో పెట్టుకుని ఆడేవాడు. నేనొకసారి అడిగాను, పొగ లేని లేన్ల లీగుకి మారొచ్చు కదా అని. మా వాళ్లంతా ఇక్కడుంటే నేనక్కడికి పోయి ఏం చేసుకోను అన్నాడు. పొగ పడని బౌలర్ల మాట చాలా వరకు ఇదే. పొగని ఇష్టపడి భరించలేదు, టీమ్‌ని వదల్లేక భరించారు. వారానికోసారి వచ్చే సాయంత్రం అది. ఆడవాళ్ల లీగులో అయితే ఆట రోజు తలంటుకోవడం దండగని మర్నాటికి వాయిదా వేసుకునేవారు. బంతి సంచీ ఇంట్లోకి తేనివ్వని మొగుళ్లూ పెళ్లాలూ ఎందరో.

మూడో రకం కూడా ఉన్నారు, జన్మలో సిగరెట్టు ముట్టకపోయినా నిషేధాన్ని తిట్టినవాళ్లు. ఇది ఓనరు హాలు, ఏం చేయాలో ఆయనిష్టం. నాకు పడకపోతే నేను రాను, మధ్యలో ప్రభుత్వం ఎందుకు అని. వాదన బాగానే ఉంది. కాకపోతే ఆ లెక్కలో ఎప్పుడూ ఇద్దరే ఉండేవారు, ఓనరూ ఆటగాడూ. ఆటగాడు వారానికి మూడు గంటలుంటాడు. స్నాక్ బార్‌లో బంగాళాదుంపలు వేయించే ఆవిడ, బూట్లిచ్చే కుర్రాడు, బారులో పిల్ల, వెనక నేను, వీళ్లం వారమంతా ఉంటాం. ఇష్టం లేకపోతే వేరే ఉద్యోగం చూసుకోమంటారు. టైరు ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

నాకు వింతగా తోచింది ఇంకోటుంది. తండ్రీ కొడుకూ ఒకే లైటర్‌తో ముట్టించుకోవడం. మా ఊళ్లో ముప్పై ఏళ్లొచ్చి పెళ్లయి పిల్లలున్నవాడు కూడా నాయన ఎదురొస్తే బీడీ వెనక దాచి, అరచెయ్యి కాల్చుకుంటాడు. పొగాకు పండించే ఇళ్లలో కూడా అంతే, మరీ ఎక్కువ. ఇక్కడ తండ్రి కొడుక్కి మొదటి బంతి కొనిస్తాడు, కొన్నాళ్లకు లీగులో చేర్పిస్తాడు, ఆ తర్వాత సిగరెట్టు కూడా అందిస్తాడు. మూడూ ఒకే వరసలో జరుగుతాయి. శనివారం పొద్దున పిల్లల లీగులో పొగ నిషేధం ముందునుంచే ఉంది. ఆ పిల్లలే పద్దెనిమిది నిండగానే రాత్రి లీగుకొచ్చి మొదటిరోజే ముట్టించడం చూశాను.

2006 జూన్‌లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది. పక్కవాడి పొగకి ప్రమాదం లేని మోతాదంటూ లేదని, విడి సీట్లు, గాలి శుభ్రం చేసే పెట్టెలు, వెంటిలేషను, ఏవీ దాన్ని పూర్తిగా ఆపలేవని. మూడో లేన్ జాలీ గురించి నేనెవరికీ చెప్పలేకపోయింది అందులో ఉంది. ఆ నవంబరు ఎన్నికల్లో ఒహాయో ఓటర్ల ముందుకి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఐదో ఇష్యూ దాదాపు పని స్థలాలన్నిట్లో పొగ ఆపేస్తుంది. నాలుగో ఇష్యూ కూడా పొగ తగ్గించేదిలాగే కనబడుతుంది, కానీ బార్లకీ బింగో హాళ్లకీ బౌలింగ్ సెంటర్లకీ మినహాయింపు ఇస్తుంది. పైగా అది రాజ్యాంగ సవరణ గనక, నెగ్గితే ఐదోదాన్ని మింగేస్తుంది. దాని వెనక డబ్బు పెట్టింది ఆర్.జె. రెనాల్డ్స్ పొగాకు కంపెనీ. ఒకదాని ప్రచారం పేరు ‘స్మోక్ ఫ్రీ ఒహాయో’, ఇంకోదానిది ‘స్మోక్ లెస్ ఒహాయో’. కౌంటర్ దగ్గర ఏది ఏదో తెలియక గంటలకొద్దీ వాదనలు. మా ఆటగాళ్లు కొందరు తాము వేయాలనుకున్నదానికి సరిగ్గా ఉల్టా వేసొచ్చారని నాకు గట్టి అనుమానం. నవంబరు 7న ఓట్లు లెక్కపెడితే నాలుగు ఓడింది, ఐదు 58 శాతం పైగా ఓట్లతో గెలిచింది. కొలంబస్ నగరంలో అప్పటికే నిషేధం నడుస్తోంది కాబట్టి మరీ ఆశ్చర్యపోయే ఫలితం కాదు. మావాళ్లు మాత్రం ఆశ్చర్యపోయారు.

డిసెంబరు 7 నుంచి చట్టం అమల్లోకొచ్చింది. యాష్‌ట్రేలు తీసెయ్యాలని అందులోనే రాసుంది. బల్లలకు బిగించినవాటికి స్క్రూలు విప్పి, ఊడనివాటిని రంపంతో కోసి, రంధ్రాలకు రేకు మూతలు వేశాను. ఫిర్యాదు చేసేందుకు ఫోన్ నంబరున్న బోర్డులు తలుపులకు అంటించాం. కానీ నియమాలు తయారై జరిమానాలు మొదలయ్యేసరికి 2007 మే వచ్చింది. బౌలింగ్ లీగు సీజను సెప్టెంబరులో మొదలై వసంతంలో ముగుస్తుంది. అంటే చట్టం ఉంది, శిక్ష లేదు, యాష్‌ట్రే లేదు. అలా సగం సీజను నడిచింది. సిగరెట్లు ఆగలేదు. బూడిద బీరు గ్లాసుల్లోకి, కాఫీ కప్పుల్లోకి, బంతి తుడిచే గుడ్డల మీదికి, నేల మీదికి వెళ్లింది. కొందరు పొగ మానేసి, దవడకి పొగాకు పొడి పెట్టి కప్పుల్లో ఉమ్మడం మొదలుపెట్టారు. ఆ కప్పు అప్రోచ్ మీద ఒకసారి ఒలికితే ఏమవుతుందో నేను వివరించను. నా ఉద్యోగంలో నేను నిజంగా మానేద్దామనుకున్న రోజులంటూ ఉంటే ఆ చలికాలం రోజులే.

ఓనరు భయం డబ్బు గురించి. మే తర్వాత మొదటిసారి దొరికితే హెచ్చరిక ఉత్తరం, ఆ తర్వాత 100 డాలర్లు, 500, 1000, 2500. దానికంటే ఆయనకు పెద్ద భయం టీములు పోతాయని. అరవై మైళ్లు తూర్పుకెళ్తే పెన్సిల్వేనియా. అక్కడికి పోతామని లీగు సెక్రటరీలు బెదిరించారు. వెళ్లినవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు. 2008 సెప్టెంబరులో పెన్సిల్వేనియా కూడా చట్టం తెచ్చింది. ఉత్తరాన మిషిగన్‌లో 2010 మేలో వచ్చింది. ఇండియానా 2012లో తెచ్చినా బార్లను వదిలేసింది, కానీ మంగళవారం రాత్రి మూడు గేముల కోసం ఇండియానా పోయేవాడెవడు? 2012లోనే కొలంబస్ బారు ఒకటి చేసుకున్న అప్పీలులో ఒహాయో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పేసింది. ఆ తర్వాత మా కౌంటర్ దగ్గర ఆ గొడవ ఎత్తినవాళ్లు లేరు.

లీగులు తగ్గిన మాట నిజం. కానీ ఆ నేరం మొత్తం పొగ నిషేధం మీద వేయడం నాకు నచ్చదు. 1970ల చివర్లో దేశం మొత్తం మీద లీగుల్లో ఆడేవాళ్లు 90 లక్షల దాకా ఉండేవారు. 2006 నాటికే వాళ్లు మూడో వంతుకు అటూఇటూగా మిగిలారు. షిఫ్టులు పోయాయి, ఫ్యాక్టరీ టీములు పోయాయి, ముప్పై వారాలు ఒకే రాత్రిని ఒక ఆటకి రాసిచ్చే ఓపిక జనానికి పోయింది. ఆ పోవడం నేను కళ్లారా చూశాను, యాష్‌ట్రేలు నిండుగా ఉన్నప్పుడే. నిషేధం వల్ల పోయింది వేరేది, బెంచీ మీద కుదురు. వంతుకీ వంతుకీ మధ్యలో తాగేవాళ్లు తలుపు బయటికి పోతారు, వంతొచ్చేసరికి ఉండరు. పేరు పెట్టి అరుస్తారు, ఒకడు పరిగెత్తి పిలుచుకొస్తాడు, వచ్చినవాడి బూటుకి మంచు తడి. తడి అడుగు అప్రోచ్ మీద పడితే పక్కటీము గొడవ. టీములో ఇద్దరు తాగేవాళ్లుంటే మాటలన్నీ బయటే అయిపోతాయి, లోపలున్న ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని ఆడిన ఆయన ఇదే అన్నాడు నాతో: గాలి బాగుందిగానీ వాడు పక్కన లేడు. ఫ్రేముకో సిగరెట్టు పెద్దాయన ఆ సీజను పూర్తిచేసి, మరుసటి సెప్టెంబరుకి రాలేదు. ఆడటం మానేశాడా, ఇంకో ఆట పట్టుకున్నాడా, నాకు కబురు లేదు.

2007 వేసవిలో హాలంతా కడిగాం. కప్పు పలకలు కడగడానికి లొంగవు గనక మార్చేశాం. స్కోరు తెరల గాజు తుడిస్తే, ఇన్నాళ్లూ తెరే పాడయిందనుకున్నవి మూడొంతులు బాగానే ఉన్నాయి. పిన్నుల పైనున్న బొమ్మల పలకల్లో ఆకాశం లేత ఆకుపచ్చ అని అందరి నమ్మకం. నురుగు పెట్టి కడిగితే నీలం. పిన్ను మీద పడే ట్యూబులైట్ల ముందు పలక తుడిచాక పిన్నులు మరీ తెల్లగా కళ్లలో పొడుస్తున్నాయని పాత బౌలర్లు ఫిర్యాదు చేశారు. మిషన్ల వైపు చూస్తే, నేను ఊహించినంత తేడా రాలేదు. పిన్ను పట్టే కప్పులూ బెల్టులూ వాటి పాటికి అవి అరుగుతూనే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ కళ్లు మాత్రం బాగుపడ్డాయి. ఫౌల్ లైన్ దగ్గర కిరణం పంపే పరికరం గాజు మీద పొర కట్టడం ఆగిపోయి, అనవసరంగా మోగడం బాగా తగ్గింది. నా దగ్గు తగ్గిందా అని మా అక్క అడుగుతుంది. తగ్గింది. ఊపిరితిత్తి ఫర్నేసు ఫిల్టరులా మారిస్తే చాలుననుకునే వస్తువు కాదు గనక, లోపల ఎంత మిగిలిందో డాక్టర్ బావ చెప్పాలి.

జనం మారారు. లీగు పోయిన రాత్రుల్లో పుట్టినరోజు పార్టీలు, ఆఫీసు వాళ్ల ఆటవిడుపులు. అదివరకు మా హౌస్‌లో తెలుగు మాట వినబడింది నా నోటే, మా ఆవిడతో ఫోన్లో. ఇప్పుడు శనివారం సాయంత్రాల్లో క్లీవ్‌లాండ్, ఆక్రన్ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాల పిల్లలు కుటుంబాలతో వస్తారు. నా పేరు బిళ్ల చూసి “అంకుల్, మీరు తెలుగా?” అని అడిగి, బంతి ఏ బరువుది తీసుకోవాలో చెప్పించుకుంటారు. ఇండియాలో కూడా 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం. ఆ తర్వాత పెరిగిన పిల్లలు గనక బౌలింగ్ హాల్లో సిగరెట్టు తాగేవారని చెప్తే నమ్మరు. విమానాల్లో కూడా తాగేవాళ్లం అంటే అసలే నమ్మరు. వాళ్లలో తాగేవాళ్లు లేరని కాదు. ఒకడు నా దగ్గరకొచ్చి మెల్లగా “బయటికెళ్లే ఇంకో తలుపుందా అంకుల్, మా మామయ్య ముందు డోర్ దగ్గర ఉన్నాడు” అన్నాడు. మన అలవాటు ఒహాయో చట్టం కంటే గట్టిది.

ఇప్పటి గొడవ వేపింగ్. 2021లో ఒహాయో దాన్ని కూడా చట్టంలో కలిపింది, కానీ పట్టుకోవడం కష్టం. చొక్కా కాలరులోకి ఊదుతారు. మామిడి, పుదీనా, ఇంకేవో తీపి వాసనలొస్తాయి, బూడిద పడదు. గట్టిగా ఆడేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే వాళ్లకు బాధ ఎప్పుడూ అప్రోచ్ గురించే. బూట్లిచ్చే కౌంటర్లో కుర్రాళ్లే మొహం మీద ఊదుతున్నారని నాకు చెప్తారు, నేను మేనేజరుకి చెప్తాను.

సిగరెట్టు వాళ్ల కోసం ఓనరు వెనకవైపు షెడ్డు వేయించాడు. పైకప్పు ఉంటే రెండు వైపులకు మించి గోడలు ఉండకూడదని రూలు, కాబట్టి జనవరి గాలి నేరుగా దూసుకొస్తుంది. లీగు వాళ్లు తమలో తాము మాట్లాడుకుని గేముకీ గేముకీ మధ్య పది నిమిషాలు విరామం రాసుకున్నారు, దాంతో అరుపులు కొంత తగ్గాయి. అది చాలక, వంతు ఎప్పుడొస్తుందో తెలియాలని బయట ఒక స్కోరు తెర అడిగారు. గొట్టంలో వైరు లాగి, వానకు తట్టుకునే పెట్టెలో తెర పెట్టి ఇచ్చాను. మరుసటి వారమే ఫిర్యాదు వచ్చింది, లోపలి స్కోరు బయట తెర మీద కొన్ని సెకన్లు ఆలస్యంగా పడుతోందట. కేబులు మార్చి చూశాను, స్ప్లిట్టరు మార్చి చూశాను. ఇంకా పడుతోంది.